టెక్సాస్ గణతంత్రం (1836–1845): గెలుచుకున్న దేశాన్ని అదే ఏడాది ఎందుకు వద్దనుకున్నారు?

ఫ్రిస్కో_నాన్న

మా అబ్బాయి ఏడో తరగతి చదువుతున్నాడు. ఇక్కడ నాలుగో తరగతిలో ఒకసారి, ఏడో తరగతిలో మరోసారి టెక్సాస్ చరిత్ర చెబుతారన్న సంగతి పిల్లలున్న వారందరికీ తెలిసే ఉంటుంది. టెక్సాస్ విడి దేశంగా ఉన్న కాలం మీద వ్యాసం రాయమని ఈసారి వాడికి పని అప్పగించారు. పాఠంలో కథ సూటిగానే ఉంది: శాంటా ఆనా అనే మెక్సికో నియంత రాజ్యాంగాన్ని కాలరాశాడు, అప్పట్లో మెక్సికోలో భాగమైన టెక్సాస్‌కు అమెరికా నుంచి వలస వచ్చినవారు తిరగబడ్డారు, అలమో కోటలో ప్రాణాలిచ్చారు, శాన్ జసింటోలో గెలిచారు, దేశం ఏర్పడింది.

అయితే 1836 సెప్టెంబరులో జరిగిన మొదటి ఎన్నికల్లోనే అమెరికాలో కలవాలా వద్దా అని ఓటర్లను అడిగితే, కలవాలని 3,277 మంది, వద్దని 91 మంది తేల్చారట. గెలిచింది ఏప్రిల్‌లో, ఈ ఓటింగు సెప్టెంబరులో. "ఐదు నెలలకే వద్దనుకునే దేశం కోసం అంతమంది ఎందుకు చచ్చిపోయారు నాన్నా?" అని వాడు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మా ఆఫీసులో శాన్ ఆంటోనియో పాత కుటుంబాలకు చెందిన సహోద్యోగిని అడిగితే, "అది స్వాతంత్ర్య పోరాటం కాదు, భూమి కోసం జరిగిన పోరాటం" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. పాఠం చెప్పేది నిజమా, అతడు చెప్పేది నిజమా?

బ్రేజోస్_ఒడ్డున

మీ అబ్బాయి ప్రశ్న మంచిదే కానీ అందులో ఒక సంగతి సరిచేయవలసి ఉంది. పోరు మొదలైన నాడు వారు అడిగింది స్వాతంత్ర్యం కాదు. 1835 అక్టోబరు 2న గొంజాలెస్ ఊళ్లో ఒక చిన్న ఫిరంగిని తిరిగి ఇమ్మన్న మెక్సికో సైనికులకు "వచ్చి తీసుకోండి" అన్న జెండా చూపించిన నాటికీ, నవంబరులో శాన్ ఫెలిపేలో ప్రతినిధులు కూర్చున్న నాటికీ వారి అధికారిక డిమాండు 1824 నాటి మెక్సికో సమాఖ్య రాజ్యాంగాన్ని నిలబెట్టమన్నదే. రాష్ట్రాల అధికారాలను రాజధానికి లాక్కున్న శాంటా ఆనా మీద ఎదురుతిరిగింది టెక్సాస్ ఒక్కటే కాదు. జకాటెకాస్ రాష్ట్రాన్ని 1835 మే నెలలో అతడు స్వయంగా సైన్యంతో వెళ్లి అణచివేశాడు. యుకటాన్ కూడా కొన్నేళ్లకు తనను తాను విడి దేశంగా ప్రకటించుకుంది.

స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించింది 1836 మార్చి 2న, వాషింగ్టన్-ఆన్-ది-బ్రేజోస్ అనే ఊళ్లో. అప్పటికి ఫిబ్రవరి 23 నుంచి అలమో ముట్టడిలో ఉంది. మార్చి 6 తెల్లవారుజామున అది పడిపోయింది. తమ పేరు మీద ఒక కొత్త దేశం పుట్టిందన్న కబురు లోపలివారికి చేరిందని నేను అనుకోను. అదే నెల 27న గోలియాడ్‌లో, లొంగిపోయిన టెక్సాస్ సేనాని ఫానిన్ దళాన్ని శాంటా ఆనా ఆజ్ఞ మీద కాల్చి చంపారు. అలమో కన్నా అక్కడ చనిపోయినవారే ఎక్కువ. అయినా సినిమాలూ టీషర్టులూ అన్నీ అలమో మీదే. వలస కుటుంబాలన్నీ ఇళ్లకు నిప్పుపెట్టుకుంటూ, వానలో బురదలో తూర్పు సరిహద్దు వైపు పరుగెత్తాయి. ఏప్రిల్ 21న శాన్ జసింటో దగ్గర శామ్ హ్యూస్టన్ సైన్యం 18 నిమిషాల్లో యుద్ధాన్ని ముగించింది. టెక్సాస్ వైపు మృతులు తొమ్మిది మంది, మెక్సికో వైపు సుమారు 630 మంది. ఆ సంఖ్యలను చూస్తే అది యుద్ధం కన్నా పగ తీర్చుకోవడంలాగే కనిపిస్తుంది.

ఊరగాయ_జాడీ

ఆ 18 నిమిషాల యుద్ధం సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో, మెక్సికో శిబిరం కునుకు తీస్తున్న వేళ మొదలైందన్న సంగతి మా ఆవిడకు తెలియకుండా చూడవలసిందిగా మనవి. ఆదివారం భోజనం తరువాత నేను పడుకున్నప్పుడల్లా ఉదాహరణగా చెబుతుంది.

సరళరేఖ

బ్రేజోస్ గారు చెప్పిన తేదీలన్నీ సరైనవే. అయితే 1824 రాజ్యాంగాన్ని నిలబెట్టాలనే కోరిక వెనక ఏముందో చెప్పకుండా వదిలేశారు. మెక్సికో అధ్యక్షుడు గెరెరో 1829 సెప్టెంబరులో బానిసత్వాన్ని రద్దు చేశాడు. టెక్సాస్ వలసదారులు గగ్గోలు పెట్టడంతో ఆ ఏడాది చివరికల్లా ఆ ప్రాంతానికి మినహాయింపు దొరికింది. అంతకుముందే, 1827 నాటి కొయవీలా-టెక్సాస్ రాష్ట్ర రాజ్యాంగం, ఇకపై పుట్టే ఏ బిడ్డా బానిస కాదని, ఆరు నెలల తరువాత కొత్త బానిసలను తేవడానికి వీల్లేదని చెప్పింది. అప్పుడు వలసదారులు ఏం చేశారంటే, సరిహద్దు దాటకముందే తమ బానిసల చేత "జీవితాంతం పనిచేసి అప్పు తీరుస్తాను" అన్న ఒప్పందాల మీద వేలిముద్రలు వేయించి, వారిని కూలీలుగా చూపించి తీసుకువచ్చారు. మన తెలంగాణ పల్లెల్లో భగేలా అప్పుల గురించి విన్నవారికి ఈ ఉపాయాన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు.

స్వతంత్ర దేశం వచ్చాక 1836 రాజ్యాంగం ఏం రాసిందో మీ అబ్బాయిని చదవమనండి. బానిసలను విడుదల చేసే అధికారం ఆ దేశపు కాంగ్రెసుకే లేదు. స్వేచ్ఛ పొందిన నల్లజాతివారు కాంగ్రెసు అనుమతి లేకుండా ఆ దేశంలో నివసించడానికి వీల్లేదు. విప్లవం నాటికి సుమారు 5,000 ఉన్న బానిసల సంఖ్య అమెరికాలో కలిసేనాటికి దాదాపు 30,000కు పెరిగింది. ఎవరి స్వాతంత్ర్యం అన్న ప్రశ్నకు ఆ వ్యాసంలో ఒక పేరా అయినా ఉండాలి.

ఆరు_జెండాలు

సరళరేఖ గారు చెప్పింది నిజమే కానీ మొత్తం కథను బానిసత్వం ఒక్కదానికే కట్టేస్తే పొరపాటవుతుంది. 1830 ఏప్రిల్ 6 చట్టంతో మెక్సికో అమెరికా నుంచి వలసలనే నిషేధించింది. అర్జీ పట్టుకుని మెక్సికో నగరానికి వెళ్లిన వలసదారుల నాయకుడు స్టీఫెన్ ఆస్టిన్ 1834 జనవరిలో అరెస్టయి, ఏడాదిన్నర తరువాత గానీ ఇంటిదారి పట్టలేకపోయాడు. అంతవరకూ రాజీ మనిషిగా ఉన్నవాడు జైలు నుంచి యుద్ధం తప్పదంటూ తిరిగివచ్చాడు. పైగా ఇది తెల్లవారి తిరుగుబాటు మాత్రమే కాదు. తాత్కాలిక ప్రభుత్వంలో ఉపాధ్యక్షుడు లొరెంజో డి జవాలా మెక్సికో రాజ్యాంగ రచనలో పాల్గొన్నవాడు. ప్రకటన మీద సంతకం చేసిన 59 మందిలో టెక్సాస్ గడ్డ మీద పుట్టినవారు ఇద్దరే ఇద్దరు, ఆ ఇద్దరూ శాన్ ఆంటోనియో స్పానిష్ కుటుంబాలవారే: హోసే ఆంటోనియో నవారో, ఆయన మేనమామ హోసే ఫ్రాన్సిస్కో రూయిజ్. అలమో నుంచి దూతగా బయటపడిన హువాన్ సెగీన్ శాన్ జసింటోలో టెహానోల (టెక్సాస్‌లోని మెక్సికన్ సంతతివారి) దళాన్ని నడిపించాడు. ఫ్రిస్కో నాన్న గారి సహోద్యోగికి ఈ పేర్లు చెప్పండి.

సరళరేఖ

ఆ సహోద్యోగికి ఆ పేర్లు మనకన్నా బాగా తెలిసే ఉంటాయి, ఆ తరువాత వారికి ఏమైందో కూడా తెలిసే ఉంటుంది. సెగీన్ యుద్ధం తరువాత శాన్ ఆంటోనియో మేయరయ్యాడు. కొత్తగా వచ్చి చేరిన అమెరికన్లు పాత కుటుంబాల భూములమీద కన్నేశారు, ఆయనను మెక్సికో మనిషని అనుమానించారు, బెదిరింపులు తట్టుకోలేక 1842లో ఆయన కుటుంబంతో సహా మెక్సికోకు పారిపోవలసివచ్చింది. అక్కడి ప్రభుత్వం జైలా, సైన్యమా అని అడిగితే సైన్యంలో చేరి, అదే ఏడాది సెప్టెంబరులో శాన్ ఆంటోనియో మీదికి వచ్చిన మెక్సికో దళంతో కలిసి నడిచాడు. తాను గెలిపించిన ఊరి మీదికి తానే శత్రువుగా రావలసివచ్చినవాడి గురించి పాఠంలో రెండు వాక్యాలైనా ఉన్నాయా అని అడగండి.

ఫ్రిస్కో_నాన్న

సెగీన్ బొమ్మ ఉంది. అలమో నుంచి దూతగా వెళ్లాడని ఉంది. తరువాతి కథ మా అబ్బాయి పుస్తకంలో నాకు కనబడలేదు.

విశ్రాంత_తహసీల్దారు

అమ్మాయి దగ్గరకు ఆరు నెలలకని వచ్చి ఏమీ తోచక ఇక్కడి భూదస్త్రాలు చదువుతున్నాను. ముప్పై ఏళ్లు పట్టాలతో, అడంగళ్లతో గడిపినవాణ్ణి కనుక నాకు ఈ కథంతా భూమి వైపు నుంచే అర్థమవుతున్నది.

1820 తరువాత అమెరికాలో ప్రభుత్వ భూమి కొనాలంటే ఎకరం 1.25 డాలర్లు, కనీసం 80 ఎకరాలు, అదీ రొక్కమే, అప్పు లేదు. 1819 మాంద్యంలో చితికిపోయిన రైతుకు ఆ వంద డాలర్లు ఎక్కడివి? అదే సమయంలో మెక్సికో, పశువులు పెంచుకునే కుటుంబానికి ఒక లీగు, అంటే 4,428 ఎకరాలు, వ్యవసాయం చేస్తే మరో లబోర్, అంటే 177 ఎకరాలు, నామమాత్రపు రుసుముల మీద ఇస్తానన్నది. షరతులు రెండు: మెక్సికో పౌరసత్వం తీసుకోవాలి, కేథలిక్ మతాన్ని అంగీకరించాలి. మొదటి విడతలో ఆస్టిన్ ద్వారా పట్టాలు పొందిన కుటుంబాలు 297. ఆయన లాంటి వలస గుత్తేదారులను ఎంప్రెసారియోలు అనేవారు, కుటుంబాలను తెచ్చి దించినందుకు వారికి వేరే భూమి దక్కేది.

స్వతంత్ర దేశం వచ్చాక ఏం చేశారో చూడండి. ఖజానాలో డబ్బు లేదు, భూమి మాత్రం కావలసినంత. కనుక ప్రకటన నాటికి ఉన్న ప్రతి కుటుంబ యజమానికి అదే లీగు, అదే లబోర్, మొత్తం దాదాపు 4,605 ఎకరాలు, ఒంటరి మగవాడికి లీగులో మూడోవంతు. రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఎవరికి లేదో కూడా రాసుకున్నారు: ఆఫ్రికన్లకు, వారి సంతతికి, ఇండియన్లకు లేదు, యుద్ధాన్ని తప్పించుకోవడానికి దేశం విడిచిపోయినవారికి లేదు, శత్రువుకు సాయపడినవారికి లేదు. ఆఖరి షరతు చేతిలో ఉంటే, పొరుగువాడి భూమి కావలసినవాడికి ఏం చేయాలో ఒకరు చెప్పనక్కర్లేదు. సరళరేఖ గారు చెప్పిన సెగీన్ సంగతి నాకు అక్కడ అర్థమైంది. మా తాలూకాలో కూడా దస్త్రం ఎంత చక్కగా ఉంటే తగాదా అంత లోతుగా ఉండేది.

ఊరగాయ_జాడీ

నాలుగు వేల ఆరువందల ఎకరాలు అనగానే ఈ చర్చలోని గుంటూరువారందరి కళ్లూ మెరిసినట్లు నాకు ఇక్కడికే కనిపిస్తున్నది.

లెక్కల_మాస్టారు

తహసీల్దారు గారు భూమి చెప్పారు కాబట్టి నేను అప్పు చెబుతాను. అసలు ప్రశ్నకు జవాబు సగం అక్కడే ఉన్నది.

రెండో అధ్యక్షుడు మిరబో లమార్ 1838 డిసెంబరు నుంచి మూడేళ్లు పాలించాడు. ఆయనకు అమెరికాలో కలవడం ఇష్టం లేదు, పసిఫిక్ తీరం దాకా విస్తరించే సామ్రాజ్యం కలగన్నాడు. కలకు ఖర్చు సుమారు 48.5 లక్షల డాలర్లు, ఆ మూడేళ్లలో వచ్చిన ఆదాయం సుమారు 10.8 లక్షలు. తేడాను పూడ్చడానికి రెడ్‌బ్యాక్ అనే నోట్లు అచ్చువేశారు. వెనక బంగారం లేదు, నమ్మకం లేదు. 1842 నాటికి వాటికి దాదాపు విలువే లేకుండాపోయి, వాటిని అచ్చువేసిన ప్రభుత్వమే పన్నుల కింద ముఖవిలువకు తీసుకోనన్నది. తన నోటును తానే కాదన్న ప్రభుత్వాన్ని మించిన దివాలా మరొకటి ఉండదు.

ఆ తరువాత రెండోసారి అధ్యక్షుడిగా వచ్చిన హ్యూస్టన్ ఉద్యోగాలు ఊడబెరికాడు, జీతాలు కోశాడు, పదివేల డాలర్లున్న తన జీతాన్ని ఐదువేలకు తగ్గించుకున్నాడు, నౌకాదళాన్నే అమ్మేయాలని చూశాడు. అంత చేసినా పాత అప్పు వడ్డీతో పెరుగుతూనే ఉంది.

ఆరు_జెండాలు

లమార్‌ను పూర్తిగా కొట్టిపారేయకండి. జిల్లాకు మూడు లీగుల భూమి బడులకు, మొత్తం 50 లీగులు విశ్వవిద్యాలయాలకు కేటాయించిన 1839 చట్టం ఆయన కాలంలోదే. ఆస్టిన్ నగరాన్ని రాజధానిగా కట్టించినదీ ఆయనే.

సరళరేఖ

చెరోకీ ఇండియన్లను వెళ్లగొట్టినదీ ఆయనే. 1836 ఫిబ్రవరిలో, అంటే మెక్సికో సైన్యం వస్తున్నదన్న భయంలో ఉన్నప్పుడు, హ్యూస్టన్ చెరోకీలతో భూమి ఒప్పందం చేసుకున్నాడు. వారు తటస్థంగా ఉండి మాట నిలబెట్టుకున్నారు. గండం గడిచాక 1837 డిసెంబరులో టెక్సాస్ సెనేటు ఆ ఒప్పందం చెల్లదన్నది. 1839 జూలైలో నెచెస్ నది దగ్గర సైన్యం వారిని తరిమికొట్టింది. ఎనభై ఏళ్లు పైబడిన వారి పెద్ద బౌల్స్, హ్యూస్టన్ కానుకగా ఇచ్చిన కత్తి ఒంటి మీద ఉండగానే చనిపోయాడు. 1840 మార్చిలో చర్చలకని శాన్ ఆంటోనియోకు పిలిచిన కోమాంచీ తెగ పెద్దలను బంధించబోయి చంపారు. ఆ పగ ఎన్నేళ్లు కాలిందో సరిహద్దు పల్లెలకు తెలుసు. ఆ యుద్ధాల ఖర్చు కూడా మాస్టారి లెక్కలోనే ఉంది.

ఊరగాయ_జాడీ

పందుల యుద్ధం గురించి ఇంతవరకూ ఎవరూ ఎత్తకపోవడం అన్యాయం. 1841లో ఆస్టిన్‌లో ఫ్రాన్స్ ప్రతినిధి దుబ్వా ద సలిన్యీ ఉండేవాడు. పూటకూళ్ల ఇంటి యజమాని బుల్లక్‌తో ఆయనకు అప్పటికే బిల్లు దగ్గర తగాదా. బుల్లక్ పందులు వచ్చి దొరగారి గుర్రాల మొక్కజొన్న తినేశాయి. దొరగారి నౌకరు పందులను చంపాడు, బుల్లక్ నౌకరును తన్నాడు, దొరగారు అంతర్జాతీయ న్యాయం మాట్లాడుతూ అలిగి లూసియానాకు వెళ్లిపోయారు. టెక్సాస్ ఆశపడిన యాభై లక్షల డాలర్ల ఫ్రెంచి అప్పు కూడా దక్కలేదు. అప్పు పోవడానికి పందులే కారణమని నేను ఒట్టు వేయను కానీ, దేశాల మధ్య సంబంధాలు దడికట్టు సరిగా లేక చెడిన కథ ఇదొక్కటే నాకు తెలుసు.

మూసీ_నది

నాకు ఇది చదువుతుంటే మన హైదరాబాదు గుర్తుకు వస్తున్నది. సొంత నాణెం, సొంత సైన్యం, ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లిన ఫిర్యాదు, చివరికి 1948 సెప్టెంబరులో విలీనం. మా తాతగారు హాలీ సిక్కాలు డబ్బాలో దాచుకున్నారు. అందుకే రెడ్‌బ్యాకుల మాట చదవగానే ఆ డబ్బా గుర్తుకొచ్చింది.

లెక్కల_మాస్టారు

పోలిక నాణెం దాకానే నిలుస్తుంది, అదీ తలకిందులుగా. హాలీ సిక్కాకు విలువ ఉండేది, రెడ్‌బ్యాకుకు లేదు. అసలు తేడా మరొకటి. హైదరాబాదులో విడిగా ఉండాలన్నది పాలకుడు, టెక్సాసులో కలిసిపోతామన్నది ఓటర్లు, వద్దన్నది చేర్చుకోవలసిన దేశం. తెలంగాణ రాష్ట్ర ఉద్యమంతో పోల్చడానికి కూడా ఎవరో ఒకరు బయలుదేరకముందే చెబుతున్నాను, ఒక దేశంలో వేరే రాష్ట్రం అడగడం వేరు, వేరే దేశం అడగడం వేరు. మళ్లీ విషయానికి వద్దాం.

ఫ్రిస్కో_నాన్న

"వద్దన్నది చేర్చుకోవలసిన దేశం" అన్నారు, అదే నాకు బోధపడలేదు. అంత భూమి వస్తానంటే అమెరికా ఎందుకు వద్దన్నది?

బ్రేజోస్_ఒడ్డున

రెండు భయాలు. ఒకటి, టెక్సాసును చేర్చుకుంటే బానిస రాష్ట్రాల బలం పెరిగి సెనేటులో త్రాసు ఒరిగిపోతుందన్న ఉత్తరాది భయం. రెండు, టెక్సాస్ స్వాతంత్ర్యాన్నే ఒప్పుకోని మెక్సికోతో యుద్ధం వస్తుందన్న భయం. శాంటా ఆనా బందీగా ఉండి 1836 మే 14న వెలాస్కోలో సంధి పత్రాల మీద పెట్టిన సంతకాలు చెల్లవని మెక్సికో తేల్చేసింది. అందుకే టెక్సాసుకు మంచి మిత్రుడైన అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ కూడా గుర్తింపును 1837 మార్చి 3 దాకా, అంటే తన పదవీకాలపు చివరి రోజు దాకా నాన్చాడు. విలీనం ప్రతిపాదన 1837లో వెళ్లి తిరస్కారానికి గురైంది, మరుసటి ఏడాది హ్యూస్టన్ దాన్ని వెనక్కి తీసుకున్నాడు. ఫ్రాన్స్ 1839లో, నెదర్లాండ్స్, బ్రిటన్ 1840లో టెక్సాసుతో ఒప్పందాలు చేసుకున్నాయి.

ఇక్కడ హ్యూస్టన్ తెలివి చూడాలి. "మీరు తీసుకోకపోతే బ్రిటన్ ఉంది" అన్నట్లుగా అటు చనువు పెంచాడు. బ్రిటన్‌కు కూడా అమెరికా దక్షిణానికి పెరగకుండా మధ్యలో ఒక విడి దేశం ఉండడం కావాలి, సుంకాలు లేని పత్తి కావాలి. సంబంధం కుదరడానికి ఇంకెవరో కూడా చూసి వెళ్లారని కబురు పంపే పెళ్లిళ్ల పేరయ్య ఎత్తు ఇది. పారింది కూడా. 1844 జూన్‌లో అమెరికా సెనేటు విలీనం ఒప్పందాన్ని 35–16 తేడాతో తిప్పికొట్టినా, మూడింట రెండు వంతులు అవసరం లేని ఉమ్మడి తీర్మానం దారిన 1845 మార్చి 1న అమెరికా అధ్యక్షుడు టైలర్ సంతకం పడింది.

అన్నిటికన్నా వింత ఆ వేసవిలో జరిగింది. చివరి అధ్యక్షుడు ఆన్సన్ జోన్స్ చేతిలో రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి అమెరికాలో విలీనం. రెండోది బ్రిటన్ ప్రతినిధి ఎలియట్ మెక్సికో నగరానికి వెళ్లి తెచ్చిన హామీ: మరే దేశంలోనూ కలవకుండా ఉంటే టెక్సాస్ స్వాతంత్ర్యాన్ని మెక్సికో గుర్తిస్తుంది. అంటే తొమ్మిదేళ్ల క్రితం దేనికోసం పోరాడామని అన్నారో అది కాగితం మీద ఎదురుగా ఉంది. టెక్సాస్ కాంగ్రెసు దాన్ని కాదన్నది. జూలై 4న కూర్చున్న ప్రతినిధుల సభ ఒక్క ఓటు తప్ప అందరి మాటగా విలీనానికి ఒప్పుకుంది. ఆ సభలో ఉన్న ఏకైక టెహానో నవారో. 1836 ప్రకటన మీద సంతకం చేసి, లమార్ పంపిన శాంటా ఫే యాత్రలో 1841లో పట్టుబడి, మెక్సికో జైళ్లలో మూడేళ్లకు పైగా మగ్గి తిరిగివచ్చిన నవారో.

ఫ్రిస్కో_నాన్న

ఈ పేరా మా అబ్బాయికి చదివి వినిపించాను. "మరి ఆ రెండో కాగితం ఎందుకు తీసుకోలేదు?" అని మళ్లీ మొదటికొచ్చాడు.

సరళరేఖ

1842 చూస్తే తెలుస్తుంది. ఆ ఒక్క ఏడాదిలోనే మెక్సికో సైన్యం మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి శాన్ ఆంటోనియోను పట్టుకుంది. బదులు తీర్చుకుంటామని రియో గ్రాండ్ దాటి వెళ్లినవారు మియేర్‌లో దొరికిపోయారు, తప్పించుకోబోయి మళ్లీ దొరికారు. పదిమందిలో ఒకరిని చంపాలని ఉత్తర్వు. కూజాలో 159 తెల్ల గింజలు, 17 నల్ల గింజలు వేసి ఒక్కొక్కరిని తీయమన్నారు. నల్ల గింజ వచ్చిన 17 మందిని 1843 మార్చి 25న కాల్చేశారు. తన పౌరులను విడిపించుకోవడానికి ఆ దేశం దగ్గర డబ్బూ లేదు, సైన్యమూ లేదు. అలాంటివారికి శాంటా ఆనా వంటివారి హామీ కాగితం ఎంత నమ్మకం ఇస్తుంది? దానికి తోడు వారిలో చాలామందికి అన్నదమ్ములూ అత్తవారిళ్లూ టెనెసీలో, అలబామాలో ఉన్నాయి. నా దృష్టిలో బానిసల మీద పెట్టిన పెట్టుబడికి రక్షణ కూడా అమెరికాలోనే ఎక్కువ అనుకున్నారు. వారు కోరింది విడి దేశం కాదు, తమ ఆస్తికి అడ్డురాని ప్రభుత్వం.

ఆరు_జెండాలు

ఆ ఆఖరి వాక్యం నాకు మింగుడుపడటం లేదు. గొంజాలెస్‌లో నిలబడినవారు ఆస్తి లెక్కలు వేసుకుంటూ నిలబడ్డారని నేను నమ్మను. కానీ 1845 గురించి మీరు చెప్పింది కాదనలేను.

విశ్రాంత_తహసీల్దారు

1842లోనే మరొకటి జరిగింది, మా శాఖవారికి గర్వకారణం. ఆస్టిన్ సరిహద్దుకు దగ్గరగా ఉంది, దస్త్రాలకు ప్రమాదమని చెప్పి హ్యూస్టన్ డిసెంబరులో బళ్లు పంపి భూమి కార్యాలయం దస్త్రాలను ఎక్కించాడు. దస్త్రాలు పోతే రాజధాని పోయినట్లేనని ఊరివారికి తెలుసు. పూటకూళ్ల ఇల్లు నడిపే ఆంజెలీనా ఎబర్లీ అనే ఆవిడ ఆ బళ్లను చూసి వీధిలో ఉన్న ఫిరంగి పేల్చి ఊరిని లేపింది. ఊరివారు వెంటపడి బ్రషీ క్రీక్ దగ్గర, అంటే ఇప్పుడు మనవాళ్లు ఇంతమంది ఇళ్లు కొంటున్న రౌండ్ రాక్ దగ్గర, పట్టుకుని ఒక్క ప్రాణం పోకుండా దస్త్రాలన్నీ వెనక్కి తెచ్చారు. రికార్డు గది కోసం ఫిరంగి పేల్చిన ఊరు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా? మేము బీరువాకు తాళం అడిగితే మూడేళ్లు పట్టింది.

సరళరేఖ

దస్త్రాల మాట వచ్చింది కనుక, ఆ పదేళ్ల నుంచి మనకు మిగిలినవాటిలో రెండు చెబుతాను. 1840లో టెక్సాస్ ఇంగ్లీషు న్యాయపద్ధతికి మారినా, భార్యాభర్తల ఆస్తి విషయంలో స్పానిష్ నియమాన్ని అలాగే ఉంచుకుంది: పెళ్లి తరువాత సంపాదించింది ఇద్దరిదీ. మెక్సికో నుంచి విడిపోయి మెక్సికో చట్టాన్నే దాచుకున్నారు. రెండోది 1839 జనవరి చట్టం. అప్పిచ్చినవాడు కుటుంబం ఉంటున్న ఇంటినీ, 50 ఎకరాల దాకా నేలనూ, కాడి ఎద్దులనూ జప్తు చేయకూడదు.

ఊరగాయ_జాడీ

అయితే నేను ఏటా హోమ్‌స్టెడ్ మినహాయింపుకు పెట్టుకునే దరఖాస్తు గణతంత్రం నాటిదన్నమాట.

సరళరేఖ

అది పన్ను మినహాయింపు, తరువాతి కాలంలో వచ్చింది. నేను చెప్పింది అప్పులవాళ్ల నుంచి రక్షణ. పైగా ఇల్లు మారితే తప్ప ఏటా దరఖాస్తు పెట్టనక్కర్లేదు. మీరెందుకు పెడుతున్నారు?

ఊరగాయ_జాడీ

ఈ చర్చ వల్ల నాకు కలిగిన మొదటి ప్రయోజనం ఇదే.

లెక్కల_మాస్టారు

విలీనం షరతులతో నా లెక్క ముగిస్తాను. సాధారణంగా కొత్త రాష్ట్రంలోని ప్రభుత్వ భూమి కేంద్రానిది అవుతుంది. టెక్సాస్ విషయంలో అమెరికా అప్పును తీసుకోనన్నది, కనుక భూమినీ తీసుకోలేదు. సైన్యం, నౌకలు, కోటలు అన్నీ అప్పగించినా భూమి మాత్రం టెక్సాసు దగ్గరే ఉండిపోయింది. 1850లో రియో గ్రాండ్ ఎగువన, నేటి న్యూ మెక్సికో వైపు తనదని చెప్పుకున్న భూభాగాన్ని వదులుకున్నందుకు కోటి డాలర్లు తీసుకుని పాత అప్పులు తీర్చుకుంది. 1846 ఫిబ్రవరి 19న ఆన్సన్ జోన్స్ జెండా దించుతూ "టెక్సాస్ గణతంత్రం ఇక లేదు" అన్నాడు. ఆ సరికి నూసెస్, రియో గ్రాండ్ నదుల్లో ఏది సరిహద్దన్న తగాదా అమెరికాది అయిపోయింది, రెండు నెలలకు యుద్ధమూ వచ్చింది.

ఫ్రిస్కో_నాన్న

మా అబ్బాయి శీర్షిక మార్చుకున్నాడు. వ్యాసాన్ని నవారోతో మొదలుపెట్టి నవారోతో ముగిస్తాడట, మధ్యలో సెగీన్ వస్తాడట. మా సహోద్యోగి సెగీన్ సంగతి విని, "మా ఇంట్లో ఆ పేరు ఇప్పటికీ రెండు రకాలుగా తలుచుకుంటారు" అని మాత్రం అన్నాడు.

విశ్రాంత_తహసీల్దారు

నాకొక సందేహం. మీరుండేది ఫ్రిస్కో అంటే అది పీటర్స్ కాలనీ భూమి. చేతిలో చిల్లిగవ్వ లేని గణతంత్రం ఉత్తరాన జనాన్ని నింపడానికి 1841లో ఒక కంపెనీతో కుదుర్చుకున్న ఒప్పందం అది. ఒంటరివాడికి 320 ఎకరాలు, కుటుంబానికి 640. మీ ఇంటి కాగితాలలో "సర్వే" అని ఒక మనిషి పేరు, "ఆబ్‌స్ట్రాక్ట్" అని ఒక సంఖ్య ఉండాలి. ఆ పేరు మొదటి పట్టాదారుది. భూమి కార్యాలయం వెబ్‌సైటులో ఆ సంఖ్య కొడితే అసలు దస్త్రమే కనిపిస్తుంది. ఒకసారి చూసి చెప్పండి.

ఫ్రిస్కో_నాన్న

ఇప్పుడే బీరువాలోంచి తీశాం. మీరు చెప్పినట్లే ఒక పేరూ సంఖ్యా ఉన్నాయి. చేతిరాత కాగితం కూడా దొరికింది, మా వాడు తెర మీద పెద్దది చేసి చదువుతున్నాడు. 640 ఎకరాలే. అందులో నా వాటా పావు ఎకరం కూడా లేదు, బ్యాంకుది తీసేస్తే వంటగది మిగులుతుంది.

విశ్రాంత_తహసీల్దారు

హద్దులు ఏమని రాశారు? చెట్టు గుర్తా, వాగు గుర్తా?

ఫ్రిస్కో_నాన్న

వాగు ఒడ్డున ఒక చెట్టు అని రాసి ఉంది. వాగు ఇప్పటికీ ఉంది, మా వీధి చివర గొట్టంలోంచి పారుతుంది. చెట్టు కోసం మా వాడు రేపు వెళ్లి చూస్తానంటున్నాడు.